మేనేజరుకు పావు బిళ్ళ

మందుల షాపులో ఇరవై ఆరేళ్ళు కౌంటరు వెనక నిలబడ్డ మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. అలమారలో ఉన్న ఏ మందుకూ అది లొంగదు. తనకు తెలియనిది లేదనుకోవడమే ఆ జబ్బు. మన కంపౌండరుకు అది ఎప్పుడు అంటుకుందో ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే ఎవరికీ అది జబ్బులా కనిపించలేదు. వీధంతా దాన్ని చదువు అనుకుంది. అందరికంటే ఎక్కువగా ఆయన భార్య అనుకుంది.

ఆయన పనితనం కూడా అలాంటిదే, కాదనకూడదు. చంటిపిల్లకి ఒళ్ళు కాలిపోతోందని ఏ తల్లయినా పరిగెత్తుకొస్తే, ముందు ఆ పిల్లని ఇలా తెమ్మని రెండు చేతుల్లోకి తీసుకునేవాడు. ఒకసారి పైకీ కిందికీ ఊపి, "పదకొండు కిలోలు" అనేవాడు. తూకం వేసి చూస్తే పదకొండే ఉండేది. తరవాత సగానికి విరిచి కర్రపిడిలో బిగించుకున్న బ్లేడు తీసేవాడు. స్టీలు పళ్ళెంలో బిళ్ళ పెట్టి ఒక్క నొక్కు నొక్కితే సగం, ఇంకో నొక్కుకి పావు. పొడి రాలేది కాదు. ఆ ముక్కల్ని తెల్లకాగితంలో పొట్లం కట్టి, పైన ఏ గంటకు వేయాలో రాసి, ప్రతి గంట పక్కనా చిన్న గడి గీసేవాడు.

"వేసిన వెంటనే ఇందులో టిక్కు పెట్టమ్మా. లేకపోతే నువ్వొకసారి, మీ అత్తగారొకసారి వేసి పసిదాని ప్రాణం మీదికి తెస్తారు" అని మరీ మరీ చెప్పేవాడు. ఆ పద్ధతి ఆయన సొంతం. అందుకే ఆయన్ని వీధిలో పావు డాక్టరు అనేవాళ్ళు. వెనకాల అనుకునే మాటే అయినా ఆయన చెవిన పడింది. కోపం రాలేదు సరికదా, మీసం కింద నవ్వుకున్నాడు.

ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. వంటగది కిటికీ దగ్గర కుట్టుమిషను. ఆయన భార్య చొక్కాల కంపెనీకి కాలర్లు కుట్టి, కాజాలు తీసి ఇచ్చేది. చెవి మీద పెన్సిలు పెట్టుకునే వాళ్ళుంటారు, ఈవిడ చెవి మీద ఎప్పుడూ నీలం రంగు గుర్తుసుద్ద ఉండేది. స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా మరిచిపోయేది. పిల్లలు లేరు. మాటా తక్కువే. పెళ్ళయిన కొత్తలో మొగుడు ఏదన్నా అంటే ఊరుకునేది, తరవాత అదే అలవాటయింది. మూతి ముడుచుకునే మనిషి కాదు, కోపిష్టి అంతకన్నా కాదు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయే రకం, అంతే.

ఐదేళ్ళ కింద ఒక పిల్లికూన నీళ్ళపైపు పట్టుకుని ఆ కిటికీలోంచి దిగబడింది. బూడిద రంగు, గడ్డం కింద తెల్లటి మచ్చ. దిగిందే తడవు కుట్టిన చొక్కాల మూట మీదికెక్కి కూర్చుని, ఆవిడ కాజా తీస్తుంటే ఒక్కొక్క కుట్టూ చూడసాగింది. "వచ్చారా మేనేజరుగారూ, ఏమైనా తప్పులున్నాయా?" అంది ఆవిడ. ఆ పేరు అలా స్థిరపడిపోయింది.

ఇక అక్కడినుంచి ఆవిడకి నోరొచ్చింది. మొగుడితో అనాల్సిన మాటలన్నీ పిల్లితో అనేది. "మేనేజరుగారూ, ఈ ఇంట్లో తడితువాలు మంచం మీద వేయకూడదని రూలుందా లేదా?" అని గట్టిగా అడిగేది, పక్కగదిలోకి వినిపించేలా. ఆయనా అక్కడినుంచే, "మేనేజరుకి చెప్పు, తీస్తున్నానని" అనేవాడు. ఇరవై ఏళ్ళలో మాట్లాడుకోనంత ఆ ఐదేళ్ళలో మాట్లాడుకున్నారు ఇద్దరూ. నడుమ ఆ మేనేజరు తోక ఊపుకుంటూ అటూ ఇటూ తిరిగేది.

పిల్లిని పెంచడం మాత్రం ఆవిడ దగ్గర నేర్చుకోవాలి. ఆరు నెలలు నిండగానే బుట్టలో పెట్టుకుని ఊరు ఆ చివరనున్న పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి ఆపరేషను చేయించింది. ఏటా టీకాలు వేయించేది. డాక్టరమ్మ ఇచ్చిన పచ్చకార్డు మిషను సొరుగులో దాచింది. ఇసుకతట్ట రోజూ శుభ్రం చేసేది, పూటపూటకీ నీళ్ళు మార్చేది. ఆయన మాత్రం "మనుషులకే ఇంత జరగడం లేదు" అని వేళాకోళం చేసేవాడు. అలా అంటూనే ఆదివారం ఆదివారం చేపముక్క తెచ్చేవాడు. ఇష్టం లేక కాదు. ఇష్టముందని బయటపడటం ఇష్టం లేక.

ఆవిడ ఆయన్ని అడిగింది ఒకే ఒక్క పని. కిటికీ జాలీ ఒక మూల ఊడింది, నాలుగు మేకులు కొట్టమని. "మేనేజరుగారూ, జాలీ సంగతి ఎవరికైనా గుర్తుందా?" అని మూడు వారాలు అడిగింది. "వచ్చే ఆదివారం" అని మూడు వారాలు చెప్పాడు.

శుక్రవారం పిల్లి ఆ సందులోంచి జారిపోయింది. మళ్ళీ తిరిగొచ్చేసరికి వెనక కాలు కుంటుతోంది. ఏ గండుపిల్లో కరిచింది, తొడ మీద రెండు కోరల గాట్లు. శనివారం సాయంత్రానికి తొడ వాచింది. చెవులు ముట్టుకుంటే కాలిపోతున్నాయి. గిన్నెలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఆ రోజు ఆవిడ పిల్లి నడుమ లేకుండానే మాట్లాడింది. "ఏవండీ, డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్దామండీ. ఎనిమిదింటి దాకా ఉంటుంది."

"ఈ కాస్త జ్వరానికి ఊరు ఆ చివరికా? పొద్దున చూద్దాంలే."

"అన్నం కూడా ముట్టలేదండీ."

"జ్వరమొస్తే నువ్వు తింటావా?" అన్నాడు. ఆవిడ కుట్టిన మూట ఇవ్వడానికి కిందికి దిగింది.

మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు ఆగగానే మన పెద్దమనిషి మేనేజరుని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పైకీ కిందికీ ఊపాడు. మూడున్నర కిలోలు. అప్పుడే పుట్టిన పాపంత. జ్వరమంటే జ్వరమేగా, దానికి నాలుగు కాళ్ళేమిటి, రెండు కాళ్ళేమిటి అనుకున్నాడు. ఇంట్లో ఎప్పుడూ ఉండే జ్వరం బిళ్ళ తీశాడు, నాలుగు ముక్కలు చేశాడు. ఒక ముక్క నలిపి వెన్నలో కలిపి పిల్లి మూతికి రాశాడు. అది విసుక్కుంటూనే నాకింది.

తరవాత చేసిన పని ఆయన చేసింది కాదు, ఆయన చెయ్యి చేసింది. మిగిలిన మూడు ముక్కలూ కాగితంలో పొట్లం కట్టింది. పైన "సాయంత్రం 7, ఉదయం 6" అని రాసింది. రెండు గడులు గీసింది. మొదటి గడిలో పెన్నుతో టిక్కు పెట్టింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు. పొట్లాన్ని ఉప్పు డబ్బా పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు.

ఆవిడ వచ్చేసరికి పిల్లి ముడుచుకుని పడుకుంది. "చెవులు చల్లబడ్డాయే!" అంది. "ఏం చేశారు?"

"చేయాల్సింది చేశాను" అన్నాడు కనుబొమలెగరేసి. ఆవిడ మొహం విప్పారింది. ఆ రాత్రి ఇద్దరూ హాయిగా నిద్రపోయారు.

ఆదివారం షాపు సెలవు గానీ, సరుకు బండి మాత్రం ఆదివారం పొద్దునే వస్తుంది. ఐదున్నరకే వెళ్ళి, పెట్టెలు దింపించి, షట్టరు వేసి, దారిలో మేనేజరు కోసం రెండు చిన్నచేపలు కొని తొమ్మిదింటికి ఇల్లు చేరాడు. తాళంచెవి మేకుకి తగిలిస్తూ, "మేనేజరుకి చెప్పు, టిఫిను వచ్చిందని" అన్నాడు.

ఆవిడ నేలమీద కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్లి. దాని మొహం చూస్తే గుర్తుపట్టలేకపోయాడు. బుగ్గలు ఉబ్బిపోయాయి, కళ్ళు సగం పూడుకుపోయాయి, ముందరి పాదాలు ఊది దూదిఉండల్లా అయ్యాయి. నోరు తెరిచి ఎగపోస్తోంది. ఎర్రగా ఉండాల్సిన చిగుళ్ళు మట్టిరంగులోకి తిరిగాయి. చేతిలో చేపల కవరు ఎప్పుడు జారిపోయిందో ఆయనకి తెలియదు.

"ఎనిమిదింటినుంచి ఇలానే ఉందండీ. ఫోను చేస్తే మీరెత్తలేదు" అంది ఆవిడ. గొంతులో తడి లేదు, పొడిగా ఉంది. అదే ఎక్కువ భయపెట్టింది.

పిల్లిని మూతబుట్టలో పెట్టుకుని ఆటో ఎక్కారు. దారి పొడుగునా ఆయన బుర్రలో ఒకటే మాట తిరుగుతోంది. ఆ బిళ్ళా? కాదు. పసిపిల్లలకి వేసేదే. పురుగేదో కుట్టింది. కాటు విషం ఎక్కింది. పావు బిళ్ళకి ఇంత అవుతుందా? కాదు, కానే కాదు. ఎన్నిసార్లు కాదనుకున్నా అది మళ్ళీ మొదటికే వస్తోంది.

ఆసుపత్రి ముందుగదిలో కింది వాటా ఆవిడ కుక్కపిల్లకి టీకా వేయించడానికి వచ్చి కూర్చుని ఉంది. వీళ్ళని చూసి లేచింది. "అయ్యో మేనేజరా? ఏమైంది వదినా? అయినా అన్నయ్యగారుండగా నీకు భయమేంటి? మా ఇద్దరు పిల్లల్నీ పెంచింది ఆయన చేతి మందేగా!" అంది. అక్కడున్న నలుగురూ తలతిప్పి ఆయన్ని గౌరవంగా చూశారు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ తలుపు తీసింది. బుట్టలోకి ఒక్క చూపు చూసి, పిల్లిని చేతుల్లోకి తీసుకుంటూ అడిగింది.

"ఇంట్లో ఏమైనా మందు వేశారా?"

"లేదు" అన్నాడు.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. నలుగురి ముందు, కింది వాటా ఆవిడ కళ్ళముందు, పావు డాక్టరు ఇంకేం చెబుతాడు? ఆయన భార్య తల తిప్పి ఆయన వైపు చూసింది. రెండు క్షణాలు చూసి తల దించుకుంది. నలుగురిలో మొగుడి మాటకి అడ్డు చెప్పిన మనిషి కాదు ఆవిడ, ఆ రోజు మాత్రం చెబుతుందా?

లోపల ముక్కుకి ఆక్సిజను పెట్టారు. కాటు వల్ల చీము పట్టిందేమో, పామేమో, ఎలుకలమందేమో అని డాక్టరమ్మ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. ఎలుకలమందు పెట్టారా, కొత్త మొక్కలేమైనా తెచ్చారా, ఫినాయిలు నాకిందా అని అడుగుతుంటే ఆయన భార్య లేదమ్మా, లేదమ్మా అని చెబుతోంది. గోడగడియారంలో అరగంట గడిచిపోయింది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. ఇప్పుడు చెబితే ఇందాక ఎందుకు చెప్పలేదంటారు. ఇంకాసేపాగితే అదే తేరుకుంటుందేమో. ఛీ, ఏం మనిషివయ్యా! పిల్లి ప్రాణం పోతుంటే నీకు పరువు కావాల్సొచ్చిందా? ఈ తిట్టు నాది కాదు, ఆయన తనని తానే తిట్టుకున్నది. తిట్టుకుంటూనే నోరు మూసుకుని నిలబడ్డాడు.

పావుగంట తరవాత డాక్టరమ్మ ఒక్కతే బయటికొచ్చింది. ఆయన్ని వరండాలోకి పిలిచి, తెల్లదూది ముందుకు చాపింది. దాని మీద చుక్క రక్తం. ఎర్రగా లేదు. డికాషను రంగులో ఉంది.

"రక్తం ఇలా అవడానికి కారణాలు తక్కువండీ. మా దగ్గరికొచ్చే పిల్లుల్లో ఎక్కువగా ఒకటే కారణం. మీరు మందుల షాపులో చేస్తారటగా. మళ్ళీ అడుగుతున్నాను. జ్వరం బిళ్ళ వేశారా?"

డాక్టరమ్మ గోడకున్న పచ్చకార్డుల కట్టలోంచి ఒకటి లాగి, వెనక్కి తిప్పి ఆయన చేతిలో పెట్టింది. మందుసీసాల మీద చీమతలకాయంత అక్షరాలు కూడా చదివి చెప్పే మనిషి ఐదేళ్ళలో ఆ కార్డు ఒక్కసారీ తిరగేసి చూడలేదు. వెనక లావుపాటి అక్షరాల్లో అచ్చేసి ఉంది: మనుషుల జ్వరం బిళ్ళ పిల్లికి విషం. చిన్నముక్క కూడా వేయవద్దు.

"పావు" అన్నాడు. "పావు బిళ్ళమ్మా."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం ఏడింటికి."

"ఒక్కసారేనా? సరిగ్గా చెప్పండి. నేనిచ్చే విరుగుడు దాన్నిబట్టి ఉంటుంది."

"ఒక్కసారే. ఒట్టు."

డాక్టరమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. తిట్టడానికి కూడా టైము లేనట్టు చెప్పుకుపోయింది. "పిల్లి లివరు దాన్ని విరిచెయ్యలేదు. అది మనలాంటిది కాదు, చిన్నసైజు మనిషి కాదు. విరుగుడు ఇంజెక్షను నిన్ననే అయిపోయింది. ఆదివారం, తెప్పించేసరికి సాయంత్రమవుతుంది. కానీ అదే మందు బిళ్ళగా కూడా దొరుకుతుంది. కఫం కరగడానికి మనుషులకిస్తారే, నీళ్ళలో వేస్తే పొంగే బిళ్ళ. ఎక్కడైనా షాపు తెరిచుంటే..."

"మా షాపులో ఉంది" అన్నాడు. "మూడో అర, ఎడమవైపు." ఆ మాట అంటుంటే ఏడుపొచ్చింది. రోజూ తుడిచే అర అది. ఇరవై ఆరేళ్ళు విషమూ విరుగుడూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు, ఏది ఎవరికి ఏమవుతుందో తెలియకుండానే.

"మరి నిలబడ్డారేం? పరిగెత్తండి!"

పరిగెత్తాడు. యాభై రెండేళ్ళ మనిషి, చెప్పులు ఆసుపత్రి గుమ్మంలోనే వదిలేసి పరిగెత్తాడు. రెండు ఆటోలు ఆపకుండా పోయాయి. మూడోదానికి అడ్డంగా నిలబడితే వాడు బూతులు తిట్టి ఎక్కించుకున్నాడు. "బాబూ, త్వరగా పోనీ" అని ఎన్నిసార్లన్నాడో. "ఎవరికండీ సీరియస్సు?" అని అడిగాడు ఆటోవాడు. "మా ఇంట్లోవాళ్ళకి" అన్నాడు. ఏ సిగ్నలు దగ్గర బండి ఆగినా ఆయన ఊపిరి ఆగినట్టే అయింది.

తాళంచెవి ఇంట్లో మేకుకి ఉంది. మూడంతస్తులూ ఎక్కేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. వంటగది గోడ పట్టుకుని నిలబడి, తాళంచెవి అందుకోబోతూ అలమార చూశాడు. ఉప్పు డబ్బా పక్కన పొట్లం ఉంది.

నిన్న తను పెట్టినట్టు లేదు. ఇంకో రకంగా మడిచి ఉంది.

విప్పాడు. మూడు ముక్కలుండాలి. రెండే ఉన్నాయి. కాగితం తిప్పాడు. "సాయంత్రం 7" పక్కన పెన్నుతో తను పెట్టిన టిక్కు. "ఉదయం 6" పక్క గడిలో ఇంకో టిక్కు. నీలం రంగు గుర్తుసుద్దతో పెట్టింది. గడి దాటకుండా, శ్రద్ధగా, కాజా గుర్తు పెట్టినంత నీటుగా ఉంది.

ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని ఆలోచించాల్సిన పనే లేదు. చూసింది, చదివింది, గంట కొట్టగానే లేచి వేసింది, టిక్కు పెట్టింది. వేసిన వెంటనే టిక్కు పెట్టమ్మా అని వీధిలో ఆడవాళ్ళందరికీ నేర్పింది ఎవరు? ఆవిడా విన్నదేగా ఇన్నేళ్ళుగా.

ఆ చల్లటి గచ్చుమీద కాసేపు అలాగే కూలబడి ఉండేవాడే. కానీ కింద ఆటోవాడు హారను కొట్టాడు. పొట్లం జేబులో కుక్కుకుని మెట్లు దిగాడు.

షట్టరు తాళం మూడుసార్లు తప్పింది. బిళ్ళని నాలుగు సమానమైన ముక్కలు చేసే చేతులవి. మూడో అర, ఎడమవైపు. పొంగే బిళ్ళల గొట్టం తీసుకుని షట్టరు కూడా వేయకుండా ఆటో ఎక్కాడు.

దారంతా ఒకటే గొడవ లోపల. చెప్పాలి, తప్పదు. రెండుసార్లని చెప్పకపోతే విరుగుడు తక్కువవుతుంది. మరి రెండోది ఎవరు వేశారని చెప్పాలి? ఆవిడకి బిళ్ళే విషమని ఇంకా తెలియదు. డాక్టరమ్మ తనతో వరండాలో చెప్పింది, ఆవిడ లోపల పిల్లి తల పట్టుకుని ఉంది. తెలిస్తే? పొద్దున ఆరింటికి తన చేత్తో, వెన్నలో కలిపి, నాకు తల్లీ నాకు అని బతిమాలి పెట్టి ఉంటుంది. అది తెలిసి ఆవిడ బతకగలదా? ఐదేళ్ళ కిందటిదాకా నోట్లో మాటలేని మనిషి.

ఆసుపత్రిలో అడుగుపెట్టగానే గొట్టం డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. ఆమె అక్కడే నీళ్ళలో బిళ్ళ వేసి కరిగిస్తోంది. బల్లమీద పిల్లి పక్కకి ఒరిగి పడుంది. దాని తల కింద ఆయన భార్య అరచెయ్యి. కింది వాటా ఆవిడ కూడా వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి ఉంది, కుక్కపిల్లని చంకలో పెట్టుకుని.

"డాక్టరమ్మా" అన్నాడు గట్టిగా, అందరికీ వినబడేలా. "ఇందాక అబద్ధం చెప్పాను. రెండుసార్లు వేశాను జ్వరం బిళ్ళ. నిన్న ఏడింటికి పావు, ఇవాళ పొద్దున ఆరింటికి ఇంకో పావు. రెండుసార్లూ నేనే వేశాను. నాకు తెలుసనుకుని వేశాను."

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. "రెండుసార్లా! అసలు మీరు మనిషేనా? రాగానే అడిగాను కదండీ! ముప్పావుగంట! ఆ ముప్పావుగంటా నేను దేనికో వెతుక్కుంటూ కూర్చున్నాను!"

"అవునమ్మా" అన్నాడు. కింది వాటా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన అటు చూడలేదు. భార్య వైపూ చూడలేదు. చూడటానికి ధైర్యం చాలలేదు.

సన్నటి గొట్టంతో మందు పట్టారు. నాలుగింటికి మళ్ళీ పట్టాలన్నారు. ఆ నాలుగు కోసం ఇద్దరూ బల్లకి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. ఒకసారి పిల్లి కళ్ళు తెరిచింది. ఆవిడ చీర మడతలోకి ముందరి పాదం చాపింది, రోజూ చొక్కాల మూట మీద చాపినట్టే. ఆవిడ ఆ పాదాన్ని గుప్పిట్లోకి తీసుకుంది. దేవుడా, ఈ ఒక్కసారికి, ఈ ఒక్కదానికి అని ఆయన లోలోపల మొక్కుకుంటూనే ఉన్నాడు. ఎప్పుడూ మొక్కని మనిషి.

నాలుగు కాలేదు. మూడుంపావుకే ఎగపోత ఆగిపోయింది.

డాక్టరమ్మ చాలాసేపు ప్రయత్నించింది. తరవాత చెవులకున్న గొట్టాలు తీసి మెడలో వేసుకుని, "ఇంకో గంట ముందయితే ఏమయ్యేదో" అంది. ఆసుపత్రి వెనక జాగాలో గొయ్యి తీయించింది. ఆయన భార్య చెవి మీదున్న సుద్దముక్క తీసి కొంగున ముడివేసుకుంది, మట్టిలో పడిపోతుందని. పిల్లిని తనే దింపింది. ఆయన్ని చెయ్యి వేయనివ్వలేదు, వద్దనీ అనలేదు.

ఖాళీ బుట్టతో ఇంటికి చేరేసరికి వీధిలో ఇంకా ఎండ ఉంది. మెట్ల దగ్గర రెండో అంతస్తు కోడలు పిల్లని భుజాన వేసుకుని ఎదురైంది. "కంపౌండరుగారూ, మీకోసమే చూస్తున్నా. పాపకి ఒళ్ళు వెచ్చగా ఉంది. పావు ముక్క కోసిస్తారా?" అంటూ అలవాటుగా పిల్లని ఆయన చేతుల్లోకి ఇవ్వబోయింది. ఆయన చేతులు వెనక్కి లాక్కున్నాడు. "డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమ్మా" అన్నాడు. "మీరుండగానా?" అని నవ్వింది ఆ కోడలు. "నేనున్నా సరే, తీసుకెళ్ళమ్మా. దణ్ణం పెడతాను" అన్నాడు. నిజంగానే రెండు చేతులూ జోడించాడు. ఆ అమ్మాయి నవ్వు ఆపేసి పక్కకి తప్పుకుంది.

వంటగదిలో చేపల కవరు పొద్దున పడిన చోటే పడుంది. ఆవిడ దాన్ని తీసి పారేసి, చేతులు కడుక్కుని, మిషను ముందు కూర్చుంది. చొక్కాల మూట మీద మధ్యలో ఇంకా గుంట ఉంది. అలవాటు కొద్దీ దానివైపు తిరిగింది. "మేనేజరుగారూ" అంది. అని ఆగిపోయింది. ఆ పిలుపు వెనక రాబోయిన మాట ఏదైనా సరే, అది ఆయనకి చేరే దారి ఇక లేదు. కుర్చీ ఇటు తిప్పి ఆయన మొహంలోకే చూసింది.

"ఆరింటిది నేను వేశాను కదండీ. మీరెందుకు అలా చెప్పారు?"

జేబులోంచి పొట్లం తీసి బల్లమీద పెట్టాడు. "ఇదిగో, ఇది రాసింది నేను. దీన్ని చూసి నువ్వు వేశావు. నేను వేసినట్టే."

ఆవిడ పొట్లం వైపు చూడలేదు. మిషను సొరుగు లాగి పచ్చకార్డు తీసింది. వెనక్కి తిప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇందులో వేయకూడదని ఉంది. మొదటిరోజే చదివాను. పొద్దున పొట్లం విప్పినప్పుడు గుర్తొచ్చింది కూడా. ఆసుపత్రిలో మీరు మందేం వేయలేదన్నప్పుడు, అయితే ఇది లెక్కలోకొచ్చే మందు కాదేమోలే అనుకున్నాను."

"చదివావా?" అన్నాడు. "చదివి కూడా ఎందుకు వేశావే?"

"ఇది అచ్చులో ఉంది" అంది కార్డు మీద వేలుపెట్టి. "అది మీరు చేత్తో రాశారు. మీ చేతి మందు ఎవరికీ ఎప్పుడూ తప్పిపోలేదు కదండీ."

ఎత్తిపొడుపు కోసం ఆయన ఆవిడ మొహమంతా వెతికాడు. ఎక్కడా లేదు. నిజంగానే అడుగుతోంది. జవాబు కోసం చూస్తోంది.